ఎంక్వయిరీ జీవరాజు గారి చీటీలు

బోయిగూడలో జీవరాజు గారి ఇల్లెక్కడని అడిగితే చాలామంది తలలు గోక్కుంటారు. ఎంక్వయిరీ సార్ ఇల్లని అడిగితే మాత్రం చేస్తున్న పని వదిలేసి గుమ్మం దాకా తీసుకొచ్చి దిగబెడతారు.

ఆయన ముప్పై నాలుగేళ్లు రైల్వేలో పనిచేశాడు. అందులో ఇరవై తొమ్మిదేళ్లు ఎంక్వయిరీ కౌంటర్ వెనకే గడిచాయి. ఏ బండి ఎంత లేటో, ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఫలానా బోగీ ఎక్కడ ఆగుతుందో ఆయన చెప్పాడంటే చెప్పినట్టే జరిగేది. ఎందుకంటే ఎదురుగా చార్టు ఉండేది, చేతికందేంత దూరంలో ఫోన్ ఉండేది. అన్నేళ్లలో కిటికీ దగ్గరికి వచ్చిన ఒక్క మనిషికి కూడా ఆయన "తెలియదు" అని చెప్పలేదు. కిటికీ దాకా నడిచొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం అమర్యాద అని ఆయన నమ్మకం. రిటైరైన రోజున చార్టూ ఫోనూ అక్కడే ఉండిపోయాయి. అలవాటు మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చింది.

ఆయన ముందుగది కిటికీ గల్లీలోకి ఉంటుంది. రిటైరైన రెండో వారమే ఆ కిటికీ వెనక బల్ల, కుర్చీ వేసుకున్నాడు. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కూర్చుంటాడు. మధ్యలో "లంచ్" అని రాసిన అట్టముక్క ఊచలకు వేలాడుతుంది. మొదట్లో జనం దారులడిగేవారు, ఆస్పత్రులడిగేవారు, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగేవారు. తరువాత ఇంగ్లిష్ మాటలకు అర్థాలు అడగడం మొదలుపెట్టారు. గల్లీలో పిల్లలందరూ ఇంగ్లిష్ మీడియంలో పడ్డారు, పెద్దవాళ్ల ఫోన్లలోకి పొద్దున లేస్తే ఇంగ్లిష్‌లో గుడ్‌మార్నింగులూ నీతివాక్యాలూ వచ్చిపడుతున్నాయి. అర్థాలు చెప్పే మనిషి ఒకరు కావలసివచ్చింది.

ఒక మాటకు ఒక చీటీ. చీటీ మీద నంబరు, తేదీ, మాట, దాని అర్థం, కింద సంతకం. పైకాగితం అడిగినవారికి, కార్బన్ కాపీ ఫైల్లోకి. ఈ కథ జరిగిన వారానికి ఫైల్లో రెండువేల మూడువందల పద్నాలుగు అర్థాలున్నాయి.

డిక్షనరీ ఆయన వాడడు. ఇంట్లో ఒకటుంది గానీ అది ఆయన భార్య బ్యూలాది. వంటింటి అల్మారాలో ఆవకాయ జాడీ పక్కన ఉంటుంది. ఆయన పద్ధతి వేరు. కౌంటర్ దగ్గర మనిషి ముఖం చూసి ఎక్కడికి వెళ్లాలో చెప్పినట్టే, మాట ముఖం చూసి అర్థం చెబుతాడు. మాటను కాగితం మీద రాసి, చేయి చాచి దూరంగా పెట్టి చూస్తాడు, కొంచెం తల వంచి చూస్తాడు. అర నిమిషంలో అర్థం వచ్చేస్తుంది. నిమిషం దాటిన సందర్భాలు రెండు మూడుకు మించవు.

బ్యూలా గర్ల్స్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి రిటైరైంది. ఆవిడను ఎవరైనా ఏదైనా మాట అడిగితే, "తెలియదమ్మా, ఉండు, చూసి చెప్తాను" అని కళ్లజోడు వెతుక్కుంటుంది. భార్యకు ఇన్నేళ్లయినా ఆత్మవిశ్వాసం రాలేదని జీవరాజుకు లోలోపల జాలి.

"అన్నేళ్లు పాఠం చెప్పి ఇంకా చూసి చెప్పడమేంటి? వచ్చినవాళ్లకు నమ్మకం పోదూ?" అని ఒకటిరెండుసార్లు మందలించాడు కూడా.

"నమ్మకం మీ మీద ఉంది కదండీ. నా మీద కూడా ఎందుకు?" అని ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఉండిపోయింది.

ఆయన సేవను గల్లీ బాగానే వాడుకుంది. ఒక్కోసారి ఆయన ఇచ్చిన మాట కిందివాళ్ల చేతుల్లో పడి పాడైపోయేది, అంతే. మూల మీద టీకొట్టు వీరయ్య తన దుకాణానికి "అందరికీ తెలిసినది" అని అర్థం వచ్చే పెద్ద ఇంగ్లిష్ మాట కావాలంటే ఆయన "ఇన్‌కాగ్నిటో" అని రాసిచ్చాడు. తీరా చూస్తే బోర్డు మీద "వీరయ్య టీ స్టాల్" అని మాత్రమే ఉంది. పెయింటర్‌కు జాగా సరిపోలేదన్నాడు వీరయ్య. ఇంకోసారి చర్చి వార్షికోత్సవానికి జీవరాజు స్వాగతపత్రం రాశాడు. అందులో వచ్చిన పెద్ద పాస్టర్ గారిని "మన ప్రాంతంలోకెల్లా గొప్ప అగ్నాస్టిక్" అని పొగిడాడు. దేవుడి సంగతులు బాగా తెలిసినవాడని అర్థం చెప్పి, సెక్రటరీ హెన్రీకి చీటీ కూడా జతచేశాడు. వేదిక మీద హెన్రీ ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి "గొప్ప దైవజనుడు" అని చదివేశాడు. పాపం, హెన్రీకి నాలుక తిరగలేదని జీవరాజు అనుకున్నాడు.

ఎదురింటి కల్పలత సోమవారం సాయంత్రం నాలుగింటికి, కిటికీ తెరవగానే వచ్చింది. ఆమె భర్త లక్ష్మణ్ ఎలక్ట్రీషియన్. పెళ్లయిన ఆరేళ్లలో ఆమె మూడుచోట్ల ఉద్యోగానికి వెళ్లి, మూడుచోట్లా "కబురు చేస్తాం" అనిపించుకుని తిరిగొచ్చింది. ఇప్పుడు సైనిక్‌పురిలో లిటిల్ లాంప్ అనే స్కూల్లో ఫ్రంట్ ఆఫీసు పని ఖాళీ ఉందట. గురువారం పదకొండింటికి ఇంటర్వ్యూ.

"అంకుల్, మేడమ్ శానా స్ట్రిక్ట్ అంట. నాలెడ్జ్ ఉన్నోళ్లే కావాల్నంట. ఇగో, యాప్‌ల ఏడు మాటలు దొర్కినయి. అన్నీ తెలుసుడు గురించే. అర్థాలు మాత్రం లాక్ ఏసి పెట్టిండ్రు. జెర చెప్పుండ్రి, మనసు పరేషాన్ పరేషాన్ ఉంది."

జీవరాజు ప్యాడ్‌లో కార్బన్ సర్దాడు. "చెప్పు."

"ఆమ్నిసియంట్."

"అన్నీ తెలిసినవాడు." ఈ మాట ఆయన ప్రసంగాల్లో విన్నాడు. "దేవుడికి వాడతారు."

"మనుషుల్ల ఎవ్వరుండరా?"

జీవరాజు కాలర్ సర్దుకున్నాడు. "అరుదు. తరువాత?"

"కాగ్నిజెంట్. గిది కంపెనీ కద అంకుల్, హైటెక్ సిటీ దిక్కు?"

"కంపెనీ నిన్నగాక మొన్న వచ్చింది. మాట ఎప్పటిదో. మేడ మీద అద్దాల వెనక కూర్చుని కింద జరిగేదంతా గమనించేవాడని అర్థం."

"ప్రెసియంట్."

"టైముకు హాజరయ్యే మనిషి. ఇది నీకు పనికొస్తుంది. 'ఐ యామ్ ఆల్వేస్ ప్రెసియంట్, మేడమ్' అను."

ఆమె గుడ్లు పెద్దవి చేసి రాసుకుంది. కానసూర్ అనే మాట దగ్గర ఆయన కొంచెం ఆగాడు. అది ఫ్రెంచ్ మాట అనీ, ఫ్రెంచ్‌వాళ్లు సగం అక్షరాలు పలకరనీ, పలకని అక్షరాలకు అర్థం లెక్కలోకి రాదనీ చెప్పాడు. మిగిలిన సగానికి మాత్రం కాన్వాయ్ మధ్య కారులో కూర్చునే ఆఫీసరు అని అర్థమిచ్చాడు. అగ్నాస్టిక్, ఇన్‌కాగ్నిటో ఆయనకు కొత్త కాదు. పాత కార్బన్లు చూసి అవే ఇచ్చాడు. చివరి మాట ఇగ్నోరేమస్.

దాని ముఖం ఆయనకు చూడగానే నచ్చింది.

"చివర 'మస్' అని వచ్చింది చూశావా? అలా వస్తే లాటిన్. లాటిన్ ఎవరికి పడితే వారికి ఇవ్వరు. డాక్టర్లకు, ప్రొఫెసర్లకు, బిషప్పులకు. దీనర్థం మహా పండితుడు."

"ఆడోళ్లకు సుత చెల్లుతదా?"

"నిక్షేపంగా. లోపలికెళ్లగానే నమస్కారం పెట్టి, 'మేడమ్, యూ ఆర్ ఎ గ్రేట్ ఇగ్నోరేమస్' అను. ఆవిడ నిన్ను ఈ జన్మలో మరిచిపోదు." చీటీ చింపి ఇస్తూ ఇంకో సలహా కూడా ఇచ్చాడు. "ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లమ్మా. మధ్యలో మోగిందంటే పరువు పోతుంది."

గురువారం పొద్దున బ్యూలా కార్ఖానాలో రోసమ్మ గారింట్లో ప్రార్థన కూటానికి వెళ్లింది. వెళ్లేముందు తన మంగళగిరి చీర, బూడిదరంగుది, ఇస్త్రీ చేసి కల్పలతకు ఇచ్చింది. తొమ్మిదిన్నరకు ఆ చీర కట్టుకుని కల్పలత కిటికీ ముందు ఆగి, "పోయొస్త అంకుల్" అంది. జీవరాజు కౌంటర్ మీద నుంచే ఆశీర్వదించాడు.

ఆ తరువాత ఆయన సీనియర్ సిటిజన్ కార్డు ఫారానికి తన ఫొటో అంటించుకున్నాడు. జిగురు ఆరేదాకా ఫారం బరువు కింద పెట్టాలి. ఇంట్లో బరువైన వస్తువులు రెండే, రోలు, డిక్షనరీ. రోలు కదలదు. డిక్షనరీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని అంచుల్లోంచి కాగితం ముక్కలు చాలా బయటికొచ్చి ఉన్నాయి. పేజీల గుర్తుకు బ్యూలా చిత్తుకాగితాలు పెట్టుకుంటుందనుకున్నాడు. ఫారం పట్టేలా మధ్యలోకి తెరిస్తే, అక్కడ ఒక చీటీ ఉంది. తన చేతిరాత. నంబరు రెండువేల మూడువందల పద్నాలుగు.

తాను కల్పలతకిచ్చిన చీటీ ఇక్కడికెలా వచ్చిందన్న ఆలోచన ఆయనకు రాలేదు. చీటీ పక్కనే పెన్సిల్‌తో గీత గీసిన మాట కనిపించింది. ఇగ్నోరేమస్: ఏమీ తెలియని మనిషి. మూఢుడు.

కళ్లజోడు తీసి బనియనుకు తుడుచుకుని మళ్లీ చదివాడు. అచ్చుతప్పేమోనని మొదటి పేజీకి వెళ్లి ఎన్నో ముద్రణో చూశాడు. పదకొండోది. పదకొండుసార్లు ఒకే తప్పు వేసే అవకాశం తక్కువ.

గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

డిక్షనరీ మూసి అల్మారాలో పెట్టేస్తే సరిపోతుంది. ఇంట్లో ఎవరూ లేరు. ఇంకో గంటలో కల్పలత ఆ మేడమ్ గారికి చేతులెత్తి నమస్కరించి, నువ్వు గొప్ప మూఢురాలివి అంటుంది. నాలుగోసారి "కబురు చేస్తాం" అని కూడా అనరు. ఆమెను ఆపాలంటే ఆయనే వెళ్లాలి. వెళ్లి, తనకు తెలియదని చెప్పాలి. ఇరవై తొమ్మిదేళ్లు కౌంటర్‌లో, ఏడేళ్లు కిటికీలో నోటికి రాని మాట. జీవరాజు డిక్షనరీ ఎత్తుకుని అల్మారా దాకా నడిచాడు. అక్కడ పొద్దున కల్పలత కోసం చీర ఇస్త్రీ చేసిన పెట్టె ఇంకా గోరువెచ్చగా ఉంది. డిక్షనరీ దాని పక్కనే వదిలేసి చొక్కా వేసుకున్నాడు.

బ్యూలా ఫోన్ ఆఫ్‌లో ఉంది. కల్పలత నంబరుకు చేస్తే లక్ష్మణ్ ఎత్తాడు.

"లక్ష్మణ్, అర్జెంటుగా కల్పలతకు ఫోనివ్వు."

"ఫోన్ ఇంట్లనే ఉంది సార్, మనిషి లేదు. ఇంటర్వ్యూల మోగితే ఇజ్జత్ పోతదని మీరే చెప్పిండ్రంట కద?"

"చెప్పాను," అన్నాడు జీవరాజు.

"మంచి మాట చెప్పిండ్రు సార్."

వీధి చివర ఆటో ఎక్కాడు. డ్రైవర్ ఓంప్రకాశ్ పాతికేళ్లవాడు, హ్యాండిల్ మీద ఫోన్ తగిలించుకుని ఉన్నాడు. సైనిక్‌పురి, లిటిల్ లాంప్ స్కూల్ అనగానే ఫోన్‌లో ఒక ఆడగొంతు మెట్టుగూడ వైపు తిరగమంది.

"దానికేం తెలుసు? కార్ఖానా మీదుగా పోనీ," అన్నాడు జీవరాజు.

"మీకు తొవ్వ తెలుసా సార్?"

ఆయన సైనిక్‌పురికి జన్మలో వెళ్లలేదు. "తెలుసు," అన్నాడు. నోరు దానంతటదే అనేసింది.

కార్ఖానాలో పావుగంట సిగ్నళ్లకు పోయింది. తిరుమలగిరి దాటాక జీవరాజు ఎడమకు తిప్పించాడు, తరువాత కుడికి తిప్పించాడు. చివరికి ఆటో ఒక మిలటరీ గేటు ముందు ఆగింది. తుపాకి పట్టుకున్న జవాను వాళ్లిద్దర్నీ చూసి, వేలితో గాల్లో సున్నా చుట్టాడు. వెనక్కి తిరగమని.

"సార్, ఇప్పుడన్న ఆమె మాట విందమా?" అన్నాడు ఓంప్రకాశ్ ఫోన్ చూపిస్తూ.

"ఇంట్లో ఒకావిడ మాటే వినడం లేదు," అని గొణిగాడు జీవరాజు. "సరే, విను."

ఆడగొంతు వాళ్లను సైనిక్‌పురి దాకా చేర్చింది గానీ, తీరా అక్కడికెళ్లాక మీ గమ్యం చేరుకున్నారని చెప్పి ఒక ఖాళీ ప్లాటు ముందు దింపింది. స్కూలు ఈ మధ్యనే జాగా మారిందట. పదకొండుకు పది నిమిషాలుంది. జీవరాజు దిగి, కొబ్బరిబోండాల బండివాణ్ణి అడిగాడు.

"లిటిల్ లాంపా? సీదా పోయి లెఫ్ట్ కొట్టుండ్రి."

సీదా పోయి లెఫ్ట్ తిరిగితే బట్టల దుకాణం. అక్కడ ఇస్త్రీ బండి ఆవిడ వెనక్కి పోయి పచ్చగేటు పట్టుకోమంది. పచ్చగేటు వెనక కుక్కల ఆస్పత్రి ఉంది. స్కూటర్ మీద పోతున్నాయన ఆగకుండానే చెయ్యి కుడివైపు ఊపి వెళ్లిపోయాడు. జీవరాజు ఇంకా స్కూలు పేరు పూర్తిగా అననేలేదు. ప్రశ్న చెవిన పడకముందే లేచే ఆ చెయ్యి ఆయనకు బాగా పరిచయం. అచ్చం తన చెయ్యే.

"మన దిక్కు లోకం గింతే సార్," అన్నాడు ఓంప్రకాశ్. "తెల్వదంటే తప్పు పట్టుకుంటరని ఏదో ఒకటి చెప్పి తోలేస్తరు. నేను సుత గంతే."

"నువ్వు కూడానా?"

"మరి! తెల్వదు అంటే ఎదుటోని మొకం చిన్నగైతది కద. మనసుకు తక్లీఫ్ అనిపిస్తది."

మూలమీద ఒక ఇంటి ముందు, ఖాకీ నిక్కరు వేసుకున్న పెద్దాయన గులాబీ మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. గేటు మీద "సుబేదార్ రామ్మోహనరావు, రిటైర్డ్" అని ఇత్తడి పలక ఉంది.

"లిటిల్ లాంప్ స్కూల్ ఎటండీ?"

"తెలియదు," అన్నాడు సుబేదార్.

జీవరాజు అక్కడే నిలబడిపోయాడు. "తెలియదా?"

"తెలియదు."

"సుమారుగా?"

"సుమారుగా కూడా తెలియదు."

"పోనీ, ఎటువైపు ఉండొచ్చని మీ ఉద్దేశం?"

సుబేదార్ పైపు పక్కన పెట్టి ఆయనను తేరిపార చూశాడు. "చూడండి, ఇరవై ఎనిమిదేళ్లు ఆర్మీ సిగ్నల్స్‌లో చేశాను. తెలియనిది తెలుసని చెబితే అవతల జవాన్ల కంపెనీ మొత్తం వాగులో దిగుతుంది. తెలియదంటే తెలియదు." ఆ తరువాత లోపలికి తిరిగి, "రాజ్యం! ఇక్కడ కొత్తగా వచ్చిన స్కూలేదో ఉందట!" అని కేకేశాడు.

చేతికంటిన పిండితోనే రాజ్యం గుమ్మంలోకి వచ్చింది. "లిటిల్ లాంపా? మూడో సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా, నీలం గోడ. గేటు వెనకవైపు ఉంది, ముందువైపు వెతక్కండి," అని లోపలికెళ్లిపోయింది.

"చూశారా," అన్నాడు సుబేదార్ గర్వంగా, పైపు అందుకుంటూ. "మా ఇంట్లో ఆవిడకు తెలుస్తుంది."

మూడో సందు, ట్యాంకు, నీలం గోడ. రాజ్యం చెప్పినట్టే ఉన్నాయి. జీవరాజు గేటు దగ్గరికి చేరేసరికి పదకొండూ ఇరవై. వాచ్‌మన్ చేయి అడ్డం పెట్టాడు.

"ఏం పని?"

"ఒక మాట వెనక్కి తీసుకోవాలి."

"ఏది తీస్కపోవాల్నన్న లోపల పర్మిషన్ కావాలె. ముందుగాల రిజిస్టర్‌ల రాయుండ్రి. పేరు, ఊరు, వచ్చిన పని."

పని అన్న గడి దగ్గర జీవరాజు కొంచెంసేపు ఆలోచించి "ఎంక్వయిరీ" అని రాశాడు. సంతకం చేస్తుండగానే లోపలి తలుపు తెరుచుకుని కల్పలత బయటికొచ్చింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వస్తోంది. ఏడుస్తోందనుకుని ఆయన సంతకం మధ్యలోనే ఆపేశాడు. ఎండకు పెట్టుకుందని దగ్గరికొచ్చాక గానీ తెలియలేదు.

"అయ్యో అంకుల్! మీరేంది ఈడ? ఆంటీకి మంచిగనే ఉందా?"

"బాగానే ఉంది. కల్పా, ఆ చివరి మాట..." వాచ్‌మన్ ఆసక్తిగా ముందుకు వంగాడు. వెనక ఓంప్రకాశ్ కూడా ఆటో దిగి వచ్చాడు. "ఆ చివరి మాటకు అర్థం, నేను చెప్పింది... అంటే నాకు..."

"ఏమైంది అంకుల్? చెమటలు పడుతున్నయి, కూసోండ్రి."

"నాకు తెలియదమ్మా," అన్నాడు జీవరాజు. "తెలియకుండానే చెప్పాను."

ఏమీ కాలేదు. నీళ్ల ట్యాంకు అక్కడే ఉంది. వాచ్‌మన్ కుర్చీ తెచ్చి వేశాడు.

"నాకు తెల్సు అంకుల్," అంది కల్పలత.

"ఏది తెలుసు?"

"మీకు తెల్వదని." అనేసి నాలుక కరుచుకుంది. "ఏమనుకోకుండ్రి. సోమవారం మీరు చీటీలు ఇచ్చిండ్రు కద, అవి పట్కోని వంటింటి దిక్కు పోయి ఆంటీకి చూపించిన. ఆంటీ డిక్షనరీ తీసి, ఒక్కోటి చూసి, కింద పెన్సిల్‌తోటి రాసిచ్చింది. ఇగో." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆరు చీటీలు తీసింది. జీవరాజు సంతకాల కింద బ్యూలా గుండ్రటి అక్షరాలున్నాయి. ప్రెసియంట్: జరగబోయేది ముందే తెలిసినవాడు. కానసూర్: మంచిచెడ్డ రుచి తెలిసినవాడు. ఇన్‌కాగ్నిటో: తానెవరో ఎవరికీ తెలియకుండా తిరిగేవాడు. అగ్నాస్టిక్: దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు. కాగ్నిజెంట్ కింద "సంగతి తెలిసి ఉన్నవాడు. సగం సరే" అని ఉంది. ఆమ్నిసియంట్ కింద ఒక చిన్న టిక్కు మాత్రం పెట్టింది. "ఏడోది మాత్రం ఆంటీ ఇయ్యలే. గీ మాట నువ్వు ఎవ్వల్నీ అనొద్దని తనకాడనే పెట్టుకుంది."

జీవరాజు టిక్కు ఉన్న చీటీని కొంచెం ఎక్కువసేపు చూశాడు. "నువ్వొక్కదానివేనా ఇలా?"

"అందరం గట్లనే చేస్తం అంకుల్. ముందుగాల మీ కిటికీ, తర్వాత వంటిల్లు."

"హెన్రీ?"

"హెన్రీ అంకుల్ సుత."

"మరి వీరయ్య బోర్డు? పెయింటర్‌కు జాగా సరిపోలేదన్నాడు."

"జాగా శానా ఉండె అంకుల్. ఇంకో రెండు దుకాణాల పేర్లు పట్టేటంత ఉండె."

వాచ్‌మన్ నవ్వాపుకోవడానికి రిజిస్టర్ తిరగేశాడు.

"అలాంటప్పుడు నన్నడగడం దేనికి? నేరుగా ఆవిడనే అడగొచ్చుగా?"

కల్పలత చాలా మామూలుగా చెప్పింది. "ఆంటీ చెప్పింది మర్చిపోతం అంకుల్. మీరు చెప్పింది మర్వం. కాన్వాయ్‌ల ఆఫీసర్ అన్నరు కద, ఇగ ఆ మాట జిందగీల మర్వ. మీ అర్థం యాదికొస్తది, ఎనకంబడి ఆంటీ అర్థం యాదికొస్తది. మా గల్లీ పోరగాళ్లు అందరు గట్లనే పాసైతున్నరు."

ఇది పొగడ్తో కాదో తేల్చుకోవడానికి ఆయనకు కొంత వ్యవధి కావలసివచ్చింది. ఈలోగా అసలు సంగతి గుర్తొచ్చింది. "ఇంటర్వ్యూ ఏమైంది?"

"ఆ ఏడు మాటలల్ల ఒక్కటి సుత అడగలే! మేడమ్ ఒక్కటే అడిగింది. ఎవరన్న తల్లిదండ్రులు వచ్చి స్కూల్ బస్ ఎందుకు రాలేదు అంటరు, నీకు తెల్వదు, ఏం చెప్తవ్ అని. తెల్వదండీ, ఉండుండ్రి, కనుక్కోని చెప్త అని చెప్తా అన్న. ఆంటీ గట్లనే అంటది కద. ఇదివరకు కూసున్నామె వచ్చినోళ్లకల్ల పది నిమిషాల్ల వస్తది, పది నిమిషాల్ల వస్తది అని చెప్పిందంట. లొల్లి లొల్లి అయిందంట." ఆమె కొంగు సర్దుకుంది. "సోమవారం నుంచి రమ్మన్నరు అంకుల్."

జీవరాజు లేచి, ఏం చేయాలో తోచక, వాచ్‌మన్‌తో చేయి కలిపాడు.

తిరిగి వెళ్లేటప్పుడు సందు చివర ఓంప్రకాశ్ ఆటో ఆపి వెనక్కి చూశాడు. "ఎటు పోదాం సార్?"

జీవరాజు చెయ్యి సగం లేచి, మోకాలి మీదికి దిగింది. "ఆవిడేమంటోంది?" అన్నాడు ఫోన్‌కేసి చూస్తూ.

ఇంటికొచ్చేసరికి బ్యూలా వచ్చి ఉంది. అల్మారా ముందు నిలబడి, ఇస్త్రీపెట్టె పక్కన పడి ఉన్న డిక్షనరీని, ఫారం మీంచి జారి దాని అట్టకు వంకరగా అంటుకున్న భర్త ఫొటోను మార్చి మార్చి చూస్తోంది.

"దీనితో మీకేం పని పడిందండీ?"

"బరువుకు."

"ఎక్కడికెళ్లొచ్చారు?"

"సైనిక్‌పురి. కల్పలతకు ఉద్యోగం వచ్చింది." కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పాడు. "ఏడేళ్లుగా నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

బ్యూలా అర్థం చేసుకుంది. డిక్షనరీలోంచి ఏడో చీటీ తీసి ఆయన ముందు పెట్టింది. "మీరు ఎప్పుడైనా అడిగారా?"

మధ్యాహ్నం భోజనంలో ఆవిడ రెండోసారి చారు పోస్తూ తల పక్కకు తిప్పుకుంది. నవ్వుతోందని ఆయన కనిపెట్టాడు.

నాలుగింటికి కిటికీ తెరవాలా వద్దా అని కాసేపు కూర్చున్నాడు. తెరవకముందే ఎవరో ఊచలు తట్టారు. వీరయ్య.

"సార్, మా దుకాణం ఎదురుంగ ఒక జ్యోతిష్యుడు బోర్డు పెట్టిండు. 'క్లెయర్‌వాయంట్' అని రాసిండు. ఏందది?"

జీవరాజు ప్యాడ్ తెరవలేదు. "నాకు తెలియదు వీరయ్యా," అన్నాడు. పొద్దుటికంటే ఈసారి సులువుగానే వచ్చింది.

వీరయ్య ముఖం నిజంగానే చిన్నదైపోయింది. "గట్లంటే ఎట్ల సార్? దుకాణంల ఐదుగురు కూసున్నరు. మీరేం చెప్తరో అని కాసుకోని ఉన్నరు. ఆంటీని తర్వాత అడుగుత, ముందుగాల మీరు షురూ చేయుండ్రి."

"తప్పయితే?"

"తప్పయితేనే మంచిగుంటది సార్."

జీవరాజు ప్యాడ్ ముందుకు లాక్కుని మాటను రాసి, చేయి చాచి, తల వంచి చూశాడు. పాతిక సెకన్లు పట్టింది.

"క్లెయర్ అన్నది ఆడవాళ్ల పేరు. మా చర్చిలోనే ఇద్దరున్నారు. వాయంట్ అంటే వాదన. ఆ పేరు గలావిడ తరఫున కోర్టులో వాదించే వకీలు."

"వారెవ్వా!" అని వీరయ్య చీటీ కోసం చేయి చాచాడు.

"ఆగు." జీవరాజు కార్బన్ పెట్టె తెరిచి ఇంకో కార్బన్ తీశాడు. కింద ఇంకో కాగితం వేసి, మూడూ సమంగా తట్టి సర్దుకుని, నంబరు రెండువేల మూడువందల పదిహేను వేసి రాశాడు. పైకాగితం వీరయ్యకిచ్చాడు. రెండోది ఫైల్లో పెట్టాడు. మూడోదాని మూల మీద, ఆఫీసులో రాసినట్టే, "బ్యూలా గారికి, తగు చర్య నిమిత్తం" అని రాసి, వంటింటి గుమ్మంలో పీట మీద పెట్టి వచ్చాడు.

వీరయ్య చీటీ మడిచి, అలవాటుగా వంటింటి సందు వైపు తిరిగాడు.

"అటు వెళ్లక్కర్లేదు," అన్నాడు జీవరాజు కుర్చీలో కూర్చుంటూ. "కాపీ వెళ్లింది."

లోపల అల్మారా తలుపు చప్పుడైంది. "అందిందండీ," అంది బ్యూలా. "ఉండమనండి, చూసి చెప్తాను."